కోసుకుపోయే ఇసుక, పేరుకునే ఇసుక: సముద్రతీరం గురించి ఓరుగల్లు వైపు నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి, మంచిర్యాల వైపు నుంచి సముద్రం చూడటానికి బయలుదేరే కుటుంబాలు ఎక్కువగా వరంగల్‌లోనో కాజీపేటలోనో రైలెక్కి బాపట్ల దగ్గరి సూర్యలంకకు గానీ, విశాఖపట్నానికి గానీ వెళ్తాయి. కొన్నేళ్ల తరువాత మళ్లీ అదే చోటికి వెళ్లినప్పుడు, వెడల్పుగా ఉండిన ఇసుక సన్నబడి కనిపిస్తే, తిన్నె ఉన్న చోట నిలువుగా తెగిన గట్టు ఎదురైతే, సముద్రం ముందుకు వచ్చిందా అని అడుగుతారు. ఆ ప్రశ్నకూ, దాని వెంట వచ్చే మరికొన్నింటికీ ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాం.

సముద్రమే లేని మన జిల్లాలకు తీరం కోతతో ఏం సంబంధం?

చాలా దగ్గరి సంబంధం ఉంది. కోస్తా ఇసుకలో పెద్ద భాగం నదులు మోసుకొచ్చినదే. నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వరంలో పుట్టి 1465 కిలోమీటర్లు ప్రవహించే గోదావరి, కందకుర్తి దగ్గర తెలంగాణలో అడుగుపెట్టి, కడెం, మానేరు నదులను కలుపుకొని, కాళేశ్వరం దగ్గర ప్రాణహితను, ఇంకాస్త దిగువన ఇంద్రావతిని చేర్చుకొని, ఏటూరునాగారం, మంగపేటల మీదుగా భద్రాచలం వైపు సాగుతుంది. ఈ దారి పొడవునా వాగులూ ఒర్రెలూ తెచ్చిపోసే ఇసుక వరద వచ్చిన ప్రతిసారీ కొంత కొంతగా కిందికి జరుగుతూ పోతుంది. ఉమ్మడి వరంగల్ జిల్లాలో పడిన వాన రెండు నదులకు పోతుందన్న సంగతి చాలామంది గమనించరు. మేడారంలో భక్తులు స్నానాలు చేసే జంపన్న వాగు నీరు గోదావరికి చేరితే, ఆకేరు నీరు మున్నేరులో కలిసి కృష్ణకు చేరుతుంది. అంటే గోదావరి డెల్టాకూ కృష్ణా డెల్టాకూ ఇసుక పంపే నేల మనది. అందుకే తీరం కోతను కోస్తా జిల్లాల వాళ్ల బాధగా మాత్రమే చూడటం సరికాదని మా అభిప్రాయం.

ఆ ఇసుక అసలు ఎక్కడ పుడుతుంది?

రాయి శిథిలం కావడం వల్ల పుడుతుంది. హనుమకొండలోని పద్మాక్షి గుట్ట గానీ, వరంగల్‌లోని గోవిందరాజుల గుట్ట గానీ ఎక్కి అక్కడి గ్రానైటు రాతిని దగ్గరగా చూస్తే, అందులో గాజులా మెరిసే పలుకులు, తెలుపు లేదా గులాబీ రంగు పలుకులు, నల్లని మచ్చలు విడివిడిగా కనిపిస్తాయి. గాజులా మెరిసేది క్వార్ట్జ్, రంగు పలుకులు ఫెల్డ్‌స్పార్. ఎండకూ వానకూ ఫెల్డ్‌స్పార్ క్రమంగా మెత్తబడి బంకమట్టిగా మారుతుంది. క్వార్ట్జ్ మాత్రం గట్టిది, నీటిలో కరగదు కాబట్టి రాతి నుంచి విడిపోయి, గింజగా మిగిలి, వానకు గుట్ట వాలు దిగి వాగులో పడుతుంది. ములుగు, భూపాలపల్లి, మంచిర్యాల వైపు గోదావరి లోయలో గ్రానైటుకు తోడు ఇసుకరాళ్లు కూడా ఉన్నాయి. అవి శిథిలమైనప్పుడు, ఎప్పుడో పూర్వకాలపు నదులు పేర్చిన ఇసుకే మళ్లీ గింజలుగా విడిపోయి మరోసారి ప్రయాణానికి సిద్ధమవుతుంది.

అర మిల్లీమీటరు అటూ ఇటూ ఉండే ఈ గింజలను భూతద్దం కింద పెట్టి చూడటం మంచి పని. వాగు ఇసుక గింజల అంచులు ఇంకా పదునుగా, పెద్దవీ చిన్నవీ కలిసిపోయి ఉంటాయి. అలల తాకిడికి ఏళ్ల తరబడి నలిగిన సముద్రపు ఇసుక నునుపుగా, దాదాపు ఒకే పరిమాణంలో ఉంటుంది. ఎండిన గోదావరి ఇసుకలో అయస్కాంతం తిప్పితే దానికి నల్లని రజను అంటుకుంటుంది. అది మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం. గోదావరి ఎగువన విస్తరించిన దక్కను నల్లరాయి నుంచి ఇది ఎక్కువగా వస్తుంది.

తీరం కోత అంటే సముద్రం భూమిని మింగేయడమేనా?

చూసేవాళ్లకు అలాగే అనిపిస్తుంది గానీ, ఇసుక తీరం విషయంలో జరిగేది ఇసుక చోటు మారడం. ఒక తీరానికి నది నుంచి, పక్క తీరం నుంచి, సముద్రపు అడుగు నుంచి ఇసుక వస్తుంది; అదే తీరం నుంచి లోతు నీటికి, పక్క తీరానికి, గాలికి వెనకనున్న తిన్నెల్లోకి ఇసుక పోతుంది. రాక, పోక సమానంగా ఉన్నంతకాలం తీరం ఉన్నచోటే ఉన్నట్టు కనిపిస్తుంది. రాక తగ్గితే తీరం వెనక్కి జరుగుతుంది. ఒకచోట కోత పడిందంటే, ఆ ఇసుక మరొకచోట మేట వేసి ఉంటుందని తీరప్రాంతం ఎరిగినవాళ్లు వెంటనే గ్రహిస్తారు. 1990 నుంచి 2018 వరకు దేశ తీరాన్ని పరిశీలించిన చెన్నైలోని జాతీయ తీరప్రాంత పరిశోధన కేంద్రం లెక్క కూడా ఇదే చెబుతోంది. సుమారు 33.6 శాతం తీరంలో కోత ఉంటే, సుమారు 27 శాతం తీరంలో మేట ఉంది.

అలలు ఒకసారి ఇసుకను తీసుకుపోతాయి, మరోసారి తెచ్చిపెడతాయి. ఎందుకలా?

అల ఎత్తును, వాలును బట్టి ఉంటుంది. దూరం నుంచి ప్రశాంతంగా వచ్చే పొడవాటి అల విరిగిన తరువాత దాని నీరు ఇసుక మీదికి పాకుతుంది. ఆ నీటిలో కొంత ఇసుకలోకి ఇంకిపోవడంతో వెనక్కి మళ్లే నీటికి బలం తగ్గి, తెచ్చిన ఇసుకను అక్కడే వదిలేస్తుంది. ఇలా వారాల తరబడి సాగితే తీరం ఎత్తుగా, వెడల్పుగా పెరుగుతుంది. తుఫాను సమయంలో అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెంట ఒకటి విరామం లేకుండా వస్తాయి. ఇసుక అప్పటికే నీటితో నిండిపోయి ఉండటం వల్ల ఇంకడానికి చోటుండదు, వెనక్కి మళ్లే నీరంతా ఇసుకను ఈడ్చుకుపోతుంది. ఒడ్డుకు కొంతదూరంలో నీటి అడుగున అది ఒక గట్టులా పేరుకుంటుంది. తరువాతి అలలు ఆ గట్టు మీదే ముందుగా విరిగిపోవడం వల్ల ఒడ్డుకు తగిలే దెబ్బ తగ్గుతుంది. తనను కోసిన అలను తన ఇసుకతోనే అడ్డుకునే ఈ ఏర్పాటు ఇసుక తీరానికి ఉన్న గొప్ప బలం. రాతి గోడకు ఈ శక్తి లేదు.

మన తూర్పు తీరంలో సాధారణంగా నైరుతి రుతుపవనాల కాలంలోనూ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల కాలంలోనూ కోత ఎక్కువ. చలికాలం చివరి నుంచి వేసవి దాకా తీరం తేరుకుంటుంది. కాబట్టి నవంబరులో చూసిన సూర్యలంకనూ, మార్చిలో చూసిన సూర్యలంకనూ పోల్చి తీరం పోయిందనో పెరిగిందనో తేల్చకూడదు. కోత శాశ్వతమా కాదా అన్నది ఏటా ఒకే నెలలో, చాలా ఏళ్ల పాటు కొలిస్తేనే తెలుస్తుంది.

ఒక ఊరి రేవు వల్ల పక్క ఊరి తీరం ఎందుకు పోతుంది?

అలలు ఒడ్డుకు సూటిగా కాక ఏటవాలుగా వస్తాయి. ఏటవాలుగా పైకి పాకిన నీరు, వాలును అనుసరించి నేరుగా కిందికి జారుతుంది. ప్రతి అలతో ఇసుక గింజ ఇలా కొంచెం పక్కకు జరుగుతూ, ఏడాదిలో కిలోమీటర్ల దూరం పోగలదు. ఆంధ్ర తీరంలో నైరుతి కాలపు నెలల్లో ఇసుక ఉత్తరం వైపు, ఈశాన్య రుతుపవనాల నెలల్లో దక్షిణం వైపు కదులుతుంది. మొత్తం మీద ఉత్తరం వైపు పోయేదే ఎక్కువ. ఈ దారికి అడ్డంగా సముద్రంలోకి బ్రేక్‌వాటర్ (రేవును అలల నుంచి కాపాడే గోడ) కడితే, దక్షిణపు పక్కన ఇసుక ఆగి మేట వేస్తుంది, ఉత్తరపు పక్కకు రావలసిన ఇసుక రాకపోవడంతో అక్కడ కోత మొదలవుతుంది.

చెన్నై దీనికి పాత ఉదాహరణ. 1870లలో రేవు గోడల నిర్మాణం మొదలయ్యాక దక్షిణాన మెరీనా తీరం వెడల్పుగా పెరిగింది, ఉత్తరాన రాయపురం వైపు ఇళ్లూ రోడ్లూ కోతకు గురయ్యాయి. విశాఖలో 1970లలో ఔటర్ హార్బర్ కట్టాక దానికి ఉత్తరాన ఉన్న రామకృష్ణా బీచ్‌కు ఇదే కష్టం వచ్చింది. రేవు దగ్గర ఆగిన ఇసుకను డ్రెడ్జర్లతో తోడి, గొట్టాల ద్వారా బీచ్‌లో పోయడం అక్కడ అవసరమవుతూ వస్తోంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తాకినప్పుడు, అప్పటికే పలచబడిన ఆ తీరం మరింత దెబ్బతిన్నది.

ఇసుక తిన్నెలు ఎలా పుడతాయి?

దీనికి సముద్రం దాకా వెళ్లనవసరం లేదు. ఏప్రిల్, మే నెలల్లో కాళేశ్వరం దగ్గరో మంగపేట దగ్గరో గోదావరి ఎండిన ఇసుకలో దిగి, మధ్యాహ్నపు గాలిలో నేలకు దగ్గరగా వంగి చూడండి. మోకాలి కింద, జానెడు ఎత్తులోపే ఇసుక పొగలా కదులుతూ ఉంటుంది. గంటకు సుమారు 20 కిలోమీటర్ల వేగం దాటిన గాలి పొడి ఇసుక గింజను లేపుతుంది. ఆ గింజ చిన్న గెంతు వేసి పడినచోట మరికొన్ని గింజలను ఎగరగొడుతుంది. గాలికి కదిలే ఇసుకలో ముప్పాతిక వంతు ఇలా గెంతుతూనే పోతుంది. గాలి వచ్చే వైపు మెల్లని వాలు, అటువైపు నిటారు వాలు ఉన్న సన్నని మడతలు ఇసుక మీద వరుసలుగా ఏర్పడటం మీ కళ్ల ముందే కనిపిస్తుంది. ఒక ఎండుకొమ్మ గానీ, తుంగ గడ్డి దుబ్బు గానీ అడ్డుంటే, దాని వెనక గాలి నెమ్మదించి తోకలాంటి చిన్న ఇసుక కుప్ప పడుతుంది.

సముద్రతీరంలో తిన్నె మొదలయ్యేది సరిగ్గా ఇలాగే. తేడా ఏమిటంటే గోదావరిలో వానాకాలపు వరద వచ్చి ఆ కుప్పలన్నిటినీ తుడిచేస్తుంది. తీరంలో అల అందని ఎత్తున, కుప్ప మీద మొక్క మొలిచి నిలిస్తే, ఆ మొక్క మరింత ఇసుకను పట్టి, ఇసుక పెరిగేకొద్దీ తానూ పైకి ఎదుగుతూ, కొన్నేళ్లలో మనిషి ఎత్తుకు మించిన తిన్నెను నిలబెడుతుంది. పొడి ఇసుక సుమారు 32 నుంచి 34 డిగ్రీల వాలు దాటి నిలవదు కాబట్టి, గాలికి చాటున ఉన్న వైపు ఎప్పుడూ జారుతూ అదే వాలులో ఉంటుంది.

తిన్నె లేకపోతే నష్టమేమిటి?

తిన్నె తీరానికి గాదె లాంటిది. పంట బాగున్న నెలల్లో నింపుకొని, కరువు నెలల్లో తీసుకున్నట్టు, తేరిపి నెలల్లో గాలి తెచ్చిన ఇసుకను అది నిల్వ చేసి, తుఫాను అల వచ్చి తన పాదాన్ని కోసినప్పుడు ఆ ఇసుకను తీరానికి ఇస్తుంది. తుఫాను తరువాత తిన్నె ముఖం నిలువుగా తెగి, అందులో తెల్లని, నల్లని పొరలు బయటపడి ఉంటే, అది తన పని చేసిందని అర్థం. ఆ నల్లని పొరలు ఇల్మనైట్, గార్నెట్ వంటి బరువైన ఖనిజాలు. తేలికైన ఇసుకను అల తీసుకుపోగా మిగిలినవి. తిన్నెను చదును చేసి రిసార్టు కట్టినచోట ఈ నిల్వ ఉండదు, తుఫాను నేరుగా కట్టడం పునాదిని కోస్తుంది.

ఇంకొక సంగతి, తిన్నెల ఇసుకలో ఇంకిన వాననీరు ఉప్పునీటి కన్నా తేలిక కావడంతో దాని మీద తేలుతూ నిలుస్తుంది. సముద్రానికి అంత దగ్గరలో బావుల్లో తియ్యని నీరు దొరకడానికి ఇదే కారణం. తిన్నె పోతే ఆ నీరూ పోతుంది.

తిన్నెల మీద ఏ మొక్కలు ఉంటాయి? వాటిని తొక్కితే అంత ప్రమాదమా?

ముందు వరుసలో రావణాసురుడి మీసాలు అనే ముళ్ల గడ్డి, మేక గిట్టలా చీలిన ఆకులూ ఊదారంగు పూలూ ఉండే పాకుడు తీగ ఉంటాయి. ఉప్పు తుంపర, మండే ఇసుక, గాలి ఈ మూడింటినీ తట్టుకునేవి ఇవే. కొంత వెనక మొగలి పొదలు, ఆ వెనక తాళ్లు, మనుషులు నాటిన సరుగుడు, జీడిమామిడి తోటలు కనిపిస్తాయి. సరుగుడు గాలిని అడ్డుకుంటుంది గానీ, దాని కింద రాలిన పొరలో తీగలూ గడ్డీ మొలవవు. ముందు వరుస గడ్డిని పీకేసి సరుగుడు నాటడం తెలివైన పని కాదు.

తొక్కడం నిజంగానే ప్రమాదం. ఒకే బాటలో పదేపదే నడిస్తే, ముఖ్యంగా మోటారు వాహనాలు తిరిగితే, తీగ తెగి ఇసుక బయటపడుతుంది. గాలి ఆ చీలికలో దూరి, దాన్ని గిన్నెలా తొలిచి, చివరికి తిన్నెకు గండి పెడుతుంది. ఉప్పెన వచ్చినప్పుడు నీరు ముందుగా ఊరి వైపు దూసుకొచ్చేది ఆ గండి నుంచే.

భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలు కూడా తిన్నెలేనా?

అవును, విశాఖపట్నం, భీమునిపట్నం మధ్య ఉన్న ఆ దిబ్బలు వేల ఏళ్ల కిందట గాలీ నీరూ కలిసి పేర్చిన తీరపు ఇసుక. ఇసుకలోని ఇనుప ఖనిజాలు కాలక్రమంలో తుప్పు పట్టినట్టు మారి గింజల చుట్టూ ఎర్రని పూత వేశాయి. ఆ తరువాత వాననీరు వాటిని చీల్చి లోతైన ఇరుకు లోయలు తవ్వింది. పేర్చినదీ కోసినదీ ఒకేచోట ఇంత స్పష్టంగా కనిపించే స్థలం మన రెండు రాష్ట్రాల్లో మరొకటి లేదని మేం నమ్ముతాం. దాన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. విశాఖ వెళ్లినవాళ్లు అరకుతో పాటు ఇదీ చూడాలి; అయితే దిబ్బల అంచులు ఎక్కి జారవద్దు, ఆ ఎర్ర మట్టి చేతితో రాస్తే రాలేంత వదులుగా ఉంటుంది.

ఉత్తర తెలంగాణలో తిన్నెల ఆనవాళ్లు ఉన్నాయా?

ఉన్నాయి, అయితే రాయిగా మారి ఉన్నాయి. ప్రాణహిత-గోదావరి లోయలోని సుల్లవాయి శిలాసముదాయంలో వెంకట్‌పూర్ ఇసుకరాయి అనే పొర ఉంది. నేల మీద చెట్టూ గడ్డీ ఇంకా పుట్టని కాలంలో, 50 కోట్ల ఏళ్లకు పైబడిన గతంలో, ఇక్కడ గాలి పేర్చిన ఇసుక తిన్నెలు గట్టిపడి ఈ రాయి అయిందని భూశాస్త్రజ్ఞులు తేల్చారు. రాతి ముఖం మీద ఏటవాలుగా దిగే సన్నని పొరలు ఆ తిన్నెల జారుడు వాలులే. కాళేశ్వరం ఇసుకలో మే నెలలో గాలి చేసే పనికీ, ఈ రాతిలో నిలిచిన గీతలకూ సూత్రం ఒక్కటే.

డ్యాములు, ఇసుక తవ్వకాలు తీరం మీద ఎంత ప్రభావం చూపుతాయి?

చాలా ఎక్కువ. నీరు ఆగినచోట ఇసుకా ఒండ్రూ అడుక్కి దిగిపోతాయి. పోచంపాడు దగ్గర 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు సామర్థ్యం మొదట 112 టీఎంసీలు. తరువాతి సర్వేల్లో అది 90కి, ఆపైన సుమారు 80 టీఎంసీలకు పడిపోయినట్టు తేలింది. రైతులకు అందవలసిన నీటికి చోటు తగ్గిందని మనం బాధపడతాం, అది న్యాయమే. కానీ అదే పూడిక సముద్రతీరానికి అందకుండా పోయిన ఒండ్రు కూడా. గోదావరి మీదా ఉపనదుల మీదా ఎగువ నుంచి దిగువ దాకా ఇలాంటి జలాశయాలు అనేకం ఉన్నాయి. 1970లలో గోదావరి ఏటా సగటున సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రును దిగువకు చేరవేస్తే, 1990లలో అది 6 కోట్ల టన్నుల లోపుకు తగ్గింది. అదే కాలంలో గోదావరి డెల్టా అంచు వెనక్కి జరిగి, వేయికి పైగా హెక్టార్ల నేల సముద్రంలో కలిసింది.

ఇసుక తవ్వకం విషయానికి వస్తే, నది అడుగున దొర్లుతూ పోయే ముతక ఇసుకే తీరానికి ఎక్కువగా పనికొస్తుంది, ఇళ్ల కాంక్రీటుకు కావలసిందీ అదే. ములుగు, భూపాలపల్లి రీచ్‌ల (నదిలో ఇసుక తవ్వే చోట్ల) నుంచి లారీల్లో హైదరాబాద్ చేరే ఇసుక మళ్లీ నదికి రాదు. ఇళ్లు కట్టుకోవద్దని ఎవరూ అనలేరు. అయితే ఏటా వరద తెచ్చిపోసే దానికి మించి తోడితే, ఇక్కడ నది అడుగు కుంగి, ఒడ్లు విరిగి, బావులు ఎండుతాయి. తీరం మీది ప్రభావం అన్నిటికన్నా చివర కనిపిస్తుంది. రాతి నుంచి చేసిన ఇసుకను కట్టడాల్లో ఎక్కువగా వాడటం ఈ భారాన్ని తగ్గించే మార్గాల్లో ఒకటి.

ఉప్పాడ పేరు ప్రతి తుఫానుకూ వార్తల్లో ఎందుకు వస్తుంది?

మన ఇళ్లలో పెళ్లిళ్లకు కొనే జాందానీ పట్టుచీరల ఊరు అది. కాకినాడకు ఉత్తరాన ఉన్న ఆ తీరంలో ఇళ్లు, గుళ్లు, కాకినాడకు పోయే బీచ్ రోడ్డు పదేపదే కోతకు గురవుతున్నాయి. గోదావరి పాయలు తెచ్చిన ఇసుక ఉత్తరం వైపు కదిలి, కాకినాడ ముందు హోప్ ఐలాండ్ అనే పొడవాటి ఇసుక దిబ్బగా పెరిగింది. అది కాకినాడ రేవును అలల నుంచి కాపాడుతుంది. కానీ దాని నీడ దాటిన చోట, అంటే ఉప్పాడ వైపు, ఇసుక అందడం తగ్గి అలల దెబ్బ పడుతోంది. అక్కడ ఇసుక నింపిన పెద్ద జియోట్యూబులు (గట్టి బట్టతో చేసిన గొట్టాలు), వాటి మీద బండరాళ్లు వేసి గట్టు కట్టారు. తుఫానులకు అదీ దెబ్బతిన్నది.

రాతి గోడ కడితే కోత ఆగదా?

గోడ వెనకనున్న రోడ్డుకో ఇంటికో కొంతకాలం రక్షణ దొరుకుతుంది, అంతే. గోడకు తగిలిన అల వెనక్కి మళ్లి, గోడ పాదం దగ్గరి ఇసుకనే తొలుస్తుంది. క్రమంగా గోడ ముందు ఇసుక తీరం మాయమవుతుంది, పడవలు ఒడ్డుకు లాగడానికీ వలలు ఆరబెట్టడానికీ చోటుండదు, తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఎక్కలేవు. గోడ ముగిసిన చోట పక్క ఊరికి కోత మొదలవుతుంది. ఆసుపత్రి, ప్రధాన రహదారి వంటివి పక్కకు మార్చలేనప్పుడు గోడ తప్పదు. మిగతా చోట్ల ఇసుకను తిరిగి పోయడం, తిన్నెలకు మొక్కలతో బలం చేకూర్చడం, కొత్త కట్టడాలను వెనక్కి జరపడం మేలైనవి. పుదుచ్చేరిలో నీటి అడుగున అడ్డుకట్ట వేసి, అల బలాన్ని ముందే తగ్గించి, పోయిన తీరాన్ని తిరిగి రప్పించే ప్రయత్నం ఫలితమిచ్చింది.

సముద్రమట్టం పెరగడం వల్లనే ఇదంతా జరుగుతోందా?

అదీ ఒక కారణమే. 1901 నుంచి 2018 మధ్య ప్రపంచ సముద్రమట్టం సగటున సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది, ఇటీవల వేగం కూడా పెరిగింది. డెల్టాల్లో నేల తనంతట తాను కుంగడం దీనికి తోడవుతుంది. కొత్త ఒండ్రు పడుతుంటే ఆ కుంగుదల భర్తీ అవుతుంది, పడకపోతే కాదు. అయితే రేవు గోడ పక్కన పదేళ్లలో తీరం పోయిందంటే, దాన్ని వాతావరణ మార్పు ఖాతాలో వేయడం సరైన నిర్ధారణ కాదు.

తిన్నెలకు చట్టరక్షణ ఉందా?

ఉంది. 1991లో మొదట వచ్చి, 2011లోనూ 2019లోనూ మారిన తీరప్రాంత నియంత్రణ మండల (సీఆర్‌జెడ్) నోటిఫికేషన్ ప్రకారం ఇసుక తిన్నెలు, మడ అడవులు, తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లు అత్యంత సున్నితమైన తరగతిలోకి వస్తాయి. తిన్నెలను చదును చేయడం, వాటి ఇసుకను తవ్వడం నిషిద్ధం.

సముద్రపు ఇసుకతో ఇల్లు కట్టవచ్చా?

కట్టకూడదు. అందులోని ఉప్పు లోపలి ఇనుప చువ్వలను తుప్పు పట్టిస్తుంది, గింజ మరీ నున్నగా ఉండటంతో పట్టు కూడా తక్కువ.

పిల్లలను తీసుకెళ్లినప్పుడు ఏ జాగ్రత్త పాటించాలి?

అలలు అంతటా విరుగుతూ, మధ్యలో ఒక పాయ మాత్రం విరగకుండా, ముదురు రంగులో నిశ్చలంగా కనిపిస్తే అక్కడ దిగవద్దు. ఒడ్డుకు చేరిన నీరంతా ఇసుక గట్టు మధ్యలోని తెంపు గుండా వెనక్కి పోయే దారి అది. చెరువులో, వాగులో ఈత వచ్చినవాళ్లు కూడా ఇందులో మోసపోతారు. చిక్కుకుంటే ఒడ్డుకు సూటిగా ఈదకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, పాయ దాటాక బయటికి రావాలి.

బడి పిల్లలు తీరం కోతను స్వయంగా కొలవగలరా?

కొలవగలరు. ఒకే ఎత్తున్న రెండు కర్రలకు పై నుంచి కిందికి సెంటీమీటర్ల గుర్తులు పెట్టి, మూడు మీటర్ల తాడుతో కలపాలి. తిన్నె పాదం దగ్గర ఒక కర్ర, తాడు పొడవున నీటి వైపు రెండో కర్ర నిలబెట్టి, నీటి వైపు కర్ర చివరనూ సముద్రం ఆకాశం కలిసే గీతనూ ఒకే వరుసలో చూస్తే, ఆ చూపు వెనక కర్ర మీద తగిలిన గుర్తు రెండు చోట్ల ఎత్తుల తేడాను చెబుతుంది. ఇలా నీటి దాకా జరుపుకుంటూ పోయి అంకెలు గ్రాఫు కాగితం మీద వేస్తే తీరపు వాలు వస్తుంది. గోదావరి ఇసుక మేటల మీద దిగంతం కనిపించదు కాబట్టి, నీళ్లు పోసిన సన్నని పారదర్శక గొట్టాన్ని మట్టంగా వాడుకోవాలి. వానాకాలానికి ముందు ఒకసారి, వరదలు తగ్గాక మరోసారి అదే చోట కొలిచి, తేదీ, ప్రారంభ స్థానం రాసి పెట్టుకుంటే, తరువాతి తరగతి పిల్లలు అక్కడి నుంచే కొనసాగించవచ్చు.